జాబితాలో లేని గంట

షీమావ్ బడిలో పిల్లలు లేరు. అయినా పొద్దున ఎనిమిదయ్యేసరికి గావ్ యిన్‌దీ టీచరు రేగుచెట్టు కిందికి వెళ్ళి, కొమ్మకు వేలాడుతున్న రైలుపట్టా ముక్కను ఇనపకడ్డీతో, బడి మొదలు గంట పద్ధతి ప్రకారం, తొమ్మిది దెబ్బలు కొట్టేది. కొట్టి, తరగతి గది తలుపు తీసి, బల్లలు తుడిచి, తన కుర్చీలో కూర్చునేది. ఆఖరి పిల్ల తల్లితోపాటు పట్నం వెళ్ళిపోయి నాలుగు నెలలు దాటింది. బడి మూసేస్తున్నామన్న కాగితం మాత్రం ఇంకా రాలేదు. కాగితం రానంతవరకు బడి బడే, గంట గంటే అన్నది ఆవిడ వాదన. ఎదుట మనిషి లేనప్పుడు వాదనలో ఎవరైనా గెలుస్తారు లెండి.

ఊళ్ళో మిగిలింది పదకొండుమంది. అందరిలోకి చిన్నది టీచరే, నలభై తొమ్మిదేళ్ళది. బడి గోడ పక్కన మేకలు మేపుకునే హువా పిన్నికి డెబ్బై ఆరు. నోటికి మాత్రం ఇంకా పదహారే.

"ఎవరికే ఈ గంట? నా మేకలకా?" అనేది పిన్ని.

"మేకలకే పిన్నీ. అవైనా వేళకొస్తాయి."

"వస్తే రానీగానీ, వాటికి లెక్కలు మాత్రం నేర్పకు. నేనెన్నిటిని కోయించానో తేల్చేస్తాయి."

ఈ నాలుగు మాటలే ఆ రోజుకు టీచరు మాట్లాడే మాటలు. ఆ తర్వాత మర్నాడు పొద్దుటిదాకా బడి వెనక తానుండే గది గోడలతోనే సావాసం. నిజం చెప్పాలంటే ఆవిడ గంట కొట్టేది భయంతోనే. గంట మానేస్తే ఆ రోజు ఎక్కడ మొదలవుతుందో, ఎందుకు మొదలవుతుందో ఆవిడకు తెలియదు.

మా ఉత్తర షాన్‌షీ కొండలన్నీ పసుపు మట్టి కొండలు. నడుమ లోయలు. ఈ గట్టు మీద నిలబడి అరిస్తే ఆ గట్టు మీదివాడికి చక్కగా వినిపిస్తుంది. వాడి చేతిలోని గిన్నె అందుకోవాలంటే మాత్రం లోయ దిగి ఎక్కేసరికి రెండు గంటలు పడుతుంది. అందుకే మావాళ్ళు పలకరింపులన్నీ అరుపులతోనే కానిచ్చేస్తారు, పెళ్ళి సంబంధాలతో సహా.

షీమావ్ బడికి సరిగ్గా ఎదురుగా, అవతలి గట్టు మీద ఒక్క ఇంటి పొగ లేస్తూ ఉంటుంది. అది తాన్ మాస్టారి ఇల్లు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పొగను యిన్‌దీ రోజూ చూస్తూనే ఉంది. ఒక్కసారీ లోయ దిగలేదు, ఒక్క కేకా వేయలేదు.

ఎందుకంటే ఆవిడ బతుకును మార్చింది ఆ మాస్టారే. మెచ్చుకోలుగా చెప్పడంలేదు. ఉన్నమాట చెబుతున్నాను.

యిన్‌దీ అంటే తమ్ముణ్ణి వెంటబెట్టుకు రమ్మని అర్థం. ఆడపిల్ల పుడితే మావైపు అలాంటి పేర్లే పెడతారు. ఆ పిల్ల చెప్పినట్టే తమ్ముణ్ణి తెచ్చింది. దాంతోపాటు, ఎవరూ అడక్కపోయినా, చదువు కూడా తెచ్చింది. అప్పట్లో ఇదే బడి మిడిల్ స్కూలు. నూట ఇరవైమంది పిల్లలు. ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా ఎండు రొట్టెలూ ఊరవేసిన క్యాబేజీ భుజాన వేసుకుని కొండలు దిగి వచ్చేవాళ్ళు. తాన్ మాస్టారు వాళ్ళకు లెక్కలూ చేతిరాతా నేర్పేవాడు. చేతిరాత విషయంలో రాక్షసుడు. తన అక్షరంలా లేకపోతే ఇరవైసార్లు రాయించేవాడు. ఆయన దగ్గర చదివినవాళ్ళందరి రాతా ఒకేలా ఉంటుందని జిల్లాలో చెప్పుకునేవాళ్ళు. యిన్‌దీ రాతకూ ఆయన రాతకూ అయితే ఆయనకే తేడా తెలిసేది కాదు.

పదహారో ఏట పెద్ద పరీక్ష వచ్చింది. పరీక్షకు ముందే ఒక ఫారం నింపాలి. రెండు దారులుండేవి. ఒకటి జిల్లా హైస్కూలు. మూడేళ్ళు ఇంటి గింజలు తిని చదవాలి, ఆపైన అదృష్టముంటే యూనివర్సిటీ. రెండోది టీచర్ ట్రైనింగు. తిండి సర్కారు పెడుతుంది, మూడేళ్ళకు ఉద్యోగం చేతిలో పెడుతుంది, పెట్టి మళ్ళీ ఈ కొండల్లోకే తోలుతుంది. యిన్‌దీ పెన్సిలుతో హైస్కూలు అని రాసిచ్చింది. చిత్తు ప్రతి పిల్లలు రాయాలి, దాన్ని చూసి సిరా ప్రతి మాస్టారు రాయాలి. అదీ పద్ధతి. సిరా ప్రతి జిల్లాకు పోయింది. వేసవిలో ఆ పిల్లకు పిలుపొచ్చింది. ట్రైనింగు స్కూలు నుంచి.

కాగితం పట్టుకుని పరుగున బడికి వెళ్ళింది.

"మాస్టారూ, నేను హైస్కూలని రాశాను."

"అవును. నేనే మార్చాను."

"ఎందుకు?"

"అక్కడ తిండి పెడతారు. వెళ్ళు."

అంతే. ఆ మాట అని చీపురు తీసుకుని గది ఊడవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు మా జిల్లాలో ఒక రూలుండేది. తాన్ మాస్టారు అప్పటికి సర్కారు టీచరు కాదు, ఊరు పెట్టుకున్న టీచరు. సగం జీతం, సగం పరువు. అలాంటి టీచరు దగ్గర చదివినవాళ్ళు ఇద్దరు ట్రైనింగుకు ఎంపికైతే ఆయన్ను సర్కారు టీచరుగా చేస్తారు. ఆ ఏడు షీమావ్ నుంచి ఎంపికైంది సరిగ్గా ఇద్దరు. అందులో ఒకతి యిన్‌దీ. చలికాలం రాకముందే మాస్టారికి ఎర్ర ముద్ర వేసిన కాగితం వచ్చింది. మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు కదా. సర్కారు ఉద్యోగాన్ని మావైపు పగలని అన్నంగిన్నె అంటారు. "పిల్లనమ్ముకుని పగలని అన్నంగిన్నె కొనుక్కున్నాడు" అని నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆ పిల్ల గుండెలో ముల్లయి దిగింది.

ఆమెకన్నా ఇరవై మార్కులు తక్కువొచ్చిన జూలాన్ హైస్కూలుకు వెళ్ళింది. యిన్‌దీ పక్కన కూర్చుని లెక్కలు చూసి రాసే జూలాన్. ఇప్పుడు రాష్ట్ర రాజధానిలో గుండె డాక్టరు.

నాన్న మాత్రం ఆ వేసవిలో గొర్రెను కోసి ఊరందరికీ పెట్టాడు. పరుపుచుట్ట వీపున కట్టుకుని ఇరవై మైళ్ళు నడిచి కూతుర్ని ట్రైనింగు స్కూలు గుమ్మందాకా దింపాడు. దారిలో ఒకచోట ఆగి, "హైస్కూలు వచ్చుంటే గాడిదనమ్మయినా చదివించేవాణ్ణే తల్లీ. ఆ మాస్టారే నీ నోట మట్టికొట్టాడు" అన్నాడు. ఆ మాట యిన్‌దీ బంగారంలా దాచుకుంది. తనను చదివించాలనుకున్న మనిషి ఒకడు ఈ భూమ్మీద ఉన్నాడు అనుకోవడమే ఆమెకు ఆస్తి.

పందొమ్మిదో ఏట టీచరై మళ్ళీ ఈ బడికే వచ్చింది. వచ్చిన నెలలోనే తాన్ మాస్టారు అవతలి గట్టు బడికి బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. మొహం చెల్లలేదనుకుంది. పెళ్ళి కాలేదు. కొండల్లోని మగవాళ్ళకు సర్కారు టీచరంటే భయం, పట్నం మగవాళ్ళకు కొండల్లో కాపురమంటే భయం. ఇద్దరి భయాల మధ్యా ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. పిల్లలు నూట ఇరవై నుంచి అరవై, అరవై నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి ఒకటి. నాన్న పోయినప్పుడు తాన్ మాస్టారు లోయ దిగి ఎక్కి వచ్చాడు. శవపేటిక ముందు మోకరిల్లి, పోయినవాళ్ళకు పంపే కాగితాలు కాల్చి, వరసలో చివర నిలబడ్డాడు. యిన్‌దీ అందరికీ టీ ఇచ్చింది, ఆయనకివ్వలేదు.

మే నెలాఖరున కాగితం రానే వచ్చింది. తెచ్చింది మండలం విద్యాశాఖ ఆఫీసరు ఫూ. మోటారుసైకిలు మీద దుమ్ములో స్నానం చేసి వచ్చాడు.

"మేడమ్, ఇదిగో సామాన్ల జాబితా ఫారం. బల్లలు, కుర్చీలు, బోర్డు, పొయ్యి, గంట, ఏది ఎన్నుంటే అన్ని రాసి పెట్టండి. శుక్రవారం వచ్చి తాళం వేసుకుంటాం. మీ రిటైర్మెంటు ఆర్డరూ అప్పుడే తెస్తాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఇక కాళ్ళు చాపుకుని కూర్చోండి."

"ఎవరి వాకిట్లో చాపమంటావు బాబూ?"

ఫూ నవ్వాడు. అది ప్రశ్నే అని అతనికి తోచలేదు.

బీరువా సర్దుతుంటే అడుగు అరలో తాడుతో కట్టిన పాత చిత్తు ఫారాల కట్ట దొరికింది. ముప్ఫై మూడేళ్ళ కిందటిది. యిన్‌దీ తన ఫారం వెతికి తీసింది. పెన్సిలు గీతలు వెలిసిపోయినా చదవడానికి వస్తున్నాయి: జిల్లా హైస్కూలు. దాని వెనక తుప్పుపట్టిన గుండుసూదితో మరో కాగితం గుచ్చి ఉంది. ఊరి గుమాస్తా చేతిరాత. "నా కూతురు యిన్‌దీ పరీక్షకు కూర్చోవలసిన పనిలేదు. ఇంట్లో చేతులు చాలడంలేదు. ఈ రోజునుంచి బడి మాన్పిస్తున్నాను." కింద ఎర్ర వేలిముద్ర. తేదీ, ఫారాలు జిల్లాకు పోవడానికి నాలుగు రోజుల ముందుది.

నాన్న బొటనవేలికి కొడవలి తెగిన అడ్డగీత ఒకటుండేది. ఎర్రటి ముద్ర నడుమ తెల్లగా ఆ గీత కనిపిస్తోంది.

ఆవిడ నేలమీదే కూర్చుండిపోయింది. గోడ అవతల పిన్ని మేకల్ని తిడుతూ తోలుకుపోయింది. బంగారం అనుకుని దాచుకున్నది ఇన్నాళ్ళకు తీసి చూస్తే ఇత్తడి. గాడిదనమ్మేవాడట. గాడిదతోపాటు కూతుర్నీ పనికి కట్టేయబోయినవాడు. ఇది మాస్టారికి తెలుసు. తెలిసీ నాన్న శవం ముందు మోకరిల్లాడు. తెలిసీ ఇన్నేళ్ళు తన మీద వేసిన నిందను నోరెత్తకుండా మోశాడు. అయితే ఆయన దొంగ కాదా? ఈ ముప్ఫై ఏళ్ళూ అసలు బతుకును దొంగిలించాక మిగిలిన బతుకా, దయతో పెట్టిన బతుకా? అది ఆయన నోటితోనే వినాలి. ఆయనకు ఎనభై ఒకటి. ఇప్పుడు వినకపోతే ఇంకెప్పుడూ వినడం కుదరదు.

మర్నాడు గంట కొట్టి, కాగితం జేబులో పెట్టుకుని లోయ దిగింది.

తాన్ మాస్టారు వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. మనిషి సగానికి సగం అయిపోయాడు. తలెత్తి చూశాడు, ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చిన మనిషిని చూసినట్టు చూడలేదు.

"రెండు నిమిషాలు లేటు."

"ఏంటి మాస్టారూ?"

"గంట. ఎండ గడప దాటాక కొట్టావు ఇవాళ, రెండు నిమిషాలు ఆలస్యంగా. పిల్లలు లేరని అలుసా?"

వెళ్ళనా వద్దా అని చెట్టు కింద నిలబడ్డ మాట నిజమే. "పిల్లలు లేరని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? పిల్లలుంటే గంట తర్వాత గోల ఉంటుంది. కొత్త సంవత్సరం పండుగ అయిన దగ్గర్నుంచీ గంట ఒక్కటే వస్తోంది. కుడి చెవి పోయింది నాకు. ఎడమ చెవి లోయకేసి పెట్టుకుని కూర్చుంటాను." కత్తితో లోపలికి చూపించాడు. "పిండి కలిపి ఉంది. నూడుల్స్ కోసి ఉడకెయ్యి. అడగాల్సింది తిన్నాక అడుగుదువుగాని. కడుపు కాలుతుండగా అడిగే ప్రశ్నలు మంచివి కావు."

"అడగడానికొచ్చానని మీకెలా తెలుసు?"

"మరి ముప్ఫై ఏళ్ళ తర్వాత నా ఆరోగ్యం కనుక్కోడానికొచ్చావా?"

నూడుల్స్ కోసింది. ఉడికించింది. బంగాళాదుంప ముక్కలూ వెనిగరూ కలుపుకుని ఇద్దరూ వాకిట్లో కూర్చుని తిన్నారు. ఎదురుగా లోయ, లోయ అవతల చిన్న పెట్టెలా షీమావ్ బడి, గోడ వెంట ఇసకరేణువుల్లా పిన్ని మేకలు. ఇక్కణ్ణుంచి ఇంత స్పష్టంగా కనిపిస్తుందని యిన్‌దీకి తెలియదు. తను రోజూ బడి గుమ్మంలో, చెట్టు కింద, బావి దగ్గర ఒంటరిగా తిరిగిందంతా ఒకడు చూస్తూనే ఉన్నాడన్నమాట. ఆవిడకు సిగ్గేసింది. కాసేపటికి ఏడుపొచ్చింది. నూడుల్స్‌తోపాటు మింగేసింది.

గిన్నె దించి కాగితం ఆయన చేతికిచ్చింది. మాస్టారు దూరంగా పట్టుకుని చూసి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు.

"బీరువా అడుగున పెట్టాను. ఎలకలు తింటాయనుకున్నాను."

"చింపేస్తే పోయేదిగా?"

"ముద్రపడ్డ కాగితం చింపకూడదమ్మాయ్. తప్పు."

"ఫారం మార్చొచ్చా?"

మాస్టారి మూతి కొంచెం వంకర పోయింది. అది నవ్వని ఆయన దగ్గర చదివినవాళ్ళకే తెలుస్తుంది. "అది తప్పే. కాకపోతే చిన్న తప్పనుకున్నాను."

"చెప్పండి మాస్టారూ. మొత్తం చెప్పండి."

"చెప్పడానికేముంది? ఈ కాగితం నా చేతికొచ్చిన సాయంత్రం మీ ఇంటికొచ్చాను. నువ్వు బడిలో ఉన్నావు. మీ నాన్న గాడిద జీను కుట్టుకుంటున్నాడు. పరీక్ష రాయనివ్వమన్నాను. 'రాసి?' అన్నాడు. హైస్కూలన్నాను. 'నా జాడీలో గింజలు ఇంకో మూడేళ్ళు దానికి పోస్తే పిల్లాడేం తింటాడు?' అన్నాడు. తప్పేం కాదు. జాడీ నేనూ చూశాను, అడుగు కనిపిస్తోంది. అప్పుడు ట్రైనింగు సంగతి చెప్పాను. సర్కారు తిండి అనగానే సూది ఆపాడు. 'అయితే పోనీ. కానీ హైస్కూలు పేరెత్తితే రేపే గొర్రెల వెంట పంపిస్తా' అన్నాడు. అంతే. వచ్చి మార్చేశాను."

"నాతో ఒక్క మాట చెబితే నేను మిమ్మల్ని..."

"చెబితే మీ నాన్నను తిట్టుకునేదానివి. ఉన్నది ఒక్క నాన్న. మాస్టార్లు ఇంకో పదిమంది దొరుకుతారు. తిట్టుకునేదేదో నన్నే తిట్టుకో అనుకున్నాను."

యిన్‌దీ కళ్ళు నిండిపోయాయి. లేచి, ఆయన ముందు మోకరిల్లబోయింది. మాస్టారు చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు. నన్ను దేవుణ్ణి చెయ్యకు. ఇంకా ఉంది. అది కూడా విని అప్పుడు మోకరిల్లుతావో, ఈ లోయలో తోసేస్తావో నీ ఇష్టం." కర్ర పక్కన పెట్టాడు. "అప్పటికి పదహారేళ్ళు ఊరి టీచరుగా చేశాను. ఇద్దరు కావాలని రూలు. ఒకడు ఉన్నాడు, రెండోవాళ్ళు లేరు. నువ్వు ట్రైనింగుకు పోతే నాకు ఉద్యోగం. మీ ఇంటికొచ్చిన రోజు అది నా బుర్రలో లేదంటే అబద్ధం. ఆ సిరా కలం పట్టుకున్న చెయ్యి నీకోసం రాసిందో, నాకోసం రాసిందో ఈ రోజుకీ నేను ఒట్టేసి చెప్పలేను."

గాలి లేదు. కింద లోయలో ఎవరిదో గాడిద ఒకటి అరిచి ఊరుకుంది.

యిన్‌దీ కాగితం మళ్ళీ జేబులో పెట్టుకుంది. అడగకుండా వెళ్ళిపోదామనే అనుకుంది. కానీ ముప్ఫై మూడేళ్ళుగా మోసిన కోపం ఆ ఒక్క ప్రశ్న దగ్గరికే తెచ్చి నిలబెట్టింది.

"మాస్టారూ. ఆ రూలు లేకపోతే మా నాన్న దగ్గరికి ఇంకోసారి వెళ్ళేవారా? హైస్కూలు గురించి?"

తాన్ మాస్టారు చెక్కు తీసిన దుంపను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఎనభై ఒక్కేళ్ళ మనిషికి అబద్ధం చెప్పడం ఎంత తేలికో, అంత కష్టం కూడా.

"వెళ్ళేవాణ్ణి," అన్నాడు. "ఇంకో రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. నా జీతంలోంచి గింజలు పోస్తానని కూడా అనేవాణ్ణేమో. మీ నాన్న మొండివాడు, కానీ చెడ్డవాడు కాదు. మూడోసారికి మెత్తబడేవాడేమో. తెలీదు. నేను వెళ్ళలేదు."

క్షమించమని మాత్రం అనలేదు.

యిన్‌దీ గిన్నెలు కడిగింది. నీళ్ళు తోడి కుండ నింపింది. పొయ్యి పక్కన కట్టెలు పేర్చింది. ఏం మాట్లాడాలో తోచని చేతులు ఏదో ఒక పని వెతుక్కుంటాయి. వెళ్ళొస్తానంటే మాస్టారు అడిగాడు:

"శుక్రవారం తర్వాత ఎలా?"

"తాళం వేస్తారు."

"గంట?"

"జాబితాలో రాయమన్నారు. పాత ఇనుము కింద పట్టుకుపోతారు."

"ఓహో." మాస్టారు మళ్ళీ దుంప అందుకున్నాడు. "అయితే నేనొక గడియారం కొనుక్కోవాలి."

లోయ దిగుతున్నంతసేపూ యిన్‌దీ ఏమీ అనుకోలేదు. అడుగున, ఎండిన వాగు దగ్గర, ఎవరికీ కనిపించని చోట ఒక రాతి మీద కూర్చుని నాన్న కోసం ఏడ్చింది. నాన్న పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఇరవై మైళ్ళు పరుపు మోసిన వీపూ ఆయనదే, ఆ వేలిముద్రా ఆయనదే. ఏది నిజమంటే ఏం చెబుతుంది? ఇక మాస్టారు. కోపం న్యాయమైతే కోపం, తప్పయితే క్షమాపణ, రెండిట్లో ఏదో ఒకటి మూటగట్టుకుని వద్దామని పోయింది. రెండూ సగం సగం చేతికొచ్చాయి. ఇన్నేళ్ళూ కోపమైనా తోడుండేది. ఇప్పుడు అదీ లేదు. ఇంత ఒంటరిగా ఆవిడ ఎన్నడూ లేదు.

గురువారం జాబితా రాయడానికి కూర్చుంది. బల్లలు పద్నాలుగు. కుర్చీలు రెండు. బోర్డు ఒకటి, పగిలింది. పొయ్యి ఒకటి. తర్వాతి వరసలో "గంట" అని అచ్చువేసి ఉంది, పక్కన ఖాళీ. యిన్‌దీ ఆ ఖాళీని చాలాసేపు చూసింది. కిటికీలోంచి అవతలి గట్టు మీద పొగ కనిపిస్తోంది. కలం సిరాలో ముంచి, ఆ ఖాళీలో "లేదు" అని రాసింది.

రాశాక చూసుకుంటే ఆ అక్షరాలు అచ్చం తాన్ మాస్టారివే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో సర్కారు కాగితం మీద ఆవిడ రాసిన మొదటి అబద్ధం అదే. మాస్టారి పొద్దు కోసం రాసిందో, తన పొద్దు కోసం రాసిందో ఒట్టేసి చెప్పమంటే ఆవిడా చెప్పలేకపోయేది.

శుక్రవారం ఫూ వచ్చాడు. జాబితా చదువుతూ గంట దగ్గర ఆగి, రేగుచెట్టు కేసి చూశాడు. కొమ్మ మీద తాడు రాసుకున్న గీత నున్నగా మెరుస్తోంది.

"మేడమ్, మొన్న నేనొచ్చినప్పుడు ఇక్కడేదో వేలాడుతుండేదే?"

"పోయింది బాబూ."

"పదకొండుమంది ముసలివాళ్ళున్న ఊళ్ళో దొంగెవరు మేడమ్?"

గోడమీంచి హువా పిన్ని తల కనిపించింది. "నేనే నాయనా. పళ్ళు లేవు కదా, బుగ్గన పెట్టుకు చప్పరిస్తున్నాను. అరిగాక ఇస్తాలే."

ఫూ పిన్నిని చూశాడు, టీచరును చూశాడు, ఎండను చూశాడు. పాత ఇనుము కోసం ఈ కొండమీద ఇంకో గంట గడపడం ఎందుకనుకున్నాడేమో, ముద్ర వేసి, తాళం వేసి, రిటైర్మెంటు కాగితం చేతికిచ్చి వెళ్ళిపోయాడు. మోటారుసైకిలు దుమ్ము అణిగేదాకా యిన్‌దీ అక్కడే నిలబడింది. లోపలికి పోవడానికి ఇప్పుడామెకు బడి లేదు.

హువా పిన్ని మరిది ఖాళీ చేసి పోయిన ఇల్లొకటి లోయ అంచునే ఉంది. టీచరు అందులోకి మారింది, తన సామానంతా రెండు ట్రంకుపెట్టెలు. మూడోది గోనెసంచిలో చుట్టిన రైలుపట్టా. దాన్ని ఇద్దరాడవాళ్ళూ దొర్లిస్తూ మోస్తూ తెచ్చారు, పిన్ని దారి పొడుగునా సర్కారునూ, మాస్టారినీ, తన నడుమునూ కలిపి తిడుతూనే ఉంది. దాన్ని వాకిట్లో దూలానికి వేలాడదీశారు.

శనివారం పొద్దున యిన్‌దీ వాచీ చూసుకుంటూ నిలబడింది. ఒక్క నిమిషం ముందూ కాదు, వెనకా కాదు. తొమ్మిది దెబ్బలు కొట్టింది. మోత లోయలోకి దిగి, అవతలి గట్టుకు తగిలి, తిరిగి వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. పిల్లల గోల లేదు. మేకలు ఒకసారి తలెత్తి మళ్ళీ మేతలో పడ్డాయి.

ఆవిడ అంచుదాకా వెళ్ళి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి లోయలోకి కేక వేసింది.

"మాస్టారూ, టైమెంత?"

వినిపించలేదనుకుని వెనక్కి తిరగబోతుంటే, అవతలి గట్టు మీద చీమంత మనిషి ఒకడు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గొంతు సన్నగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. కానీ అది లెక్కల పీరియడ్‌లో విన్న గొంతే.

"సరిగ్గా ఎనిమిది. కూర్చో."

బల్ల లేదు. యిన్‌దీ గడప మీద కూర్చుంది.